నంబరు లేని బండ్లు

మా యారాలికి షుగర్ ఉందని తెలిసిన ఏడాది మా ఇంటికి రెండు సైకిళ్లు వచ్చాయి. యారాలంటే మా ఆయనకు వదిన. నేను అక్కా అని పిలుస్తాను. గద్వాలలో మాది మగ్గాల ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలుంటాయి. ఒకదాని గుంతలో బావ దిగుతాడు, రెండోదాంట్లో మా ఆయన. మధ్యాహ్నం భోంచేసి ఆయన కాసేపు నడుం వాల్చినప్పుడు ఆ గుంతలోకి నేను దిగుతాను. అక్క నూలు కండెలు చుడుతుంది. ఇంటిల్లిపాదికీ కూర్చుని చేసే పనే. కూర్చుని కూర్చుని అక్కకు కాళ్లు వాచాయి, నాకు నడుము పట్టేసింది.

దవాఖానలో డాక్టరమ్మ అక్కను రోజూ పొద్దున నడవమంది. అక్కకు మడమ నొప్పి. వీధి చివరి దాకా వెళ్లి కుంటుకుంటూ తిరిగొచ్చేది. ఒకరోజు కండెలు చుడుతున్నదల్లా ఆగి, "నడుస్తె మడమ నొస్తది. సైకిల్ తొక్కితె నొయ్యది గద?" అంది. అక్క పుట్టిల్లు పాన్‌గల్ దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడు పక్క ఊరి హైస్కూలుకు సైకిల్ మీదే పోయేదట. బావ ముందు నవ్వాడు. తర్వాత ఎక్కడో అడిగి పాత లేడీస్ సైకిల్ ఒకటి పట్టుకొచ్చాడు. ఒక్కతే ఎట్లా పోతుందని నాకూ ఒకటి తెచ్చారు.

నాకు తొక్కడం రాదు. అక్క మడమతో వెనక పరుగెత్తలేదు. కాలేజీ గ్రౌండులో ఒక గట్టు మీద కూర్చుని, "కింద చూడకు, ముందు చూడు! చక్రం దిక్కు చూస్తె పడ్తవ్!" అని అరుస్తూ నేర్పింది. నలభైకి దగ్గర పడుతున్న దాన్ని, పొద్దున వాకింగుకు వచ్చిన మొగవాళ్ల మధ్య పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. సిగ్గేసింది. కానీ తిన్నగా గ్రౌండు చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంట్లో ఎవరికీ చెప్పలేకపోయాను, అంత చిన్న విషయం కాబట్టి.

ఆ తర్వాత మేం ఊరు దాటి నది వైపు పోయే దారి పట్టాం. రెండు పక్కలా పత్తి చేన్లు, మధ్యలో ఒక మలుపు, ఆ తర్వాత నది దాకా తిన్నని రోడ్డు. తెల్లవారుతుండగా బయల్దేరి, మగ్గాల చప్పుడు మొదలయ్యేలోపు ఇంటికి చేరేవాళ్లం. అక్క చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని తొక్కేది. నేను పంజాబీ డ్రెస్ వేసుకునేదాన్ని. కొన్ని నెలలకు అక్క షుగర్ తగ్గింది. డాక్టరమ్మ మందు కూడా తగ్గించింది.

ఆ దారిలో మాకన్నా ముందే లేచి తిరిగేవి ఇసుక ట్రాక్టర్లు. వాటికి ముందూ వెనకా నంబరుండదు. కొన్నింటికి ఒకే దీపం. ఎదురుగా ఒంటి దీపం వస్తుంటే అది స్కూటరో ట్రాక్టరో తెలిసేది కాదు. దగ్గరికొచ్చాక చూస్తే దాని వెనక రోడ్డంత వెడల్పున ట్రాలీ. వాళ్లకు తెల్లారేలోపు ట్రిప్పులు ముగించాలనే తొందర. పాటలు గట్టిగా పెట్టుకుని వస్తారు కాబట్టి మన గంట వాళ్లకు వినపడదు. మలుపు దగ్గర ట్రాలీల్లోంచి జారిన ఇసుక మేటలా పడి ఉండేది. ఒకసారి అక్క సైకిల్ అందులో జారింది కూడా. అప్పట్నించి ట్రాక్టరు చప్పుడు వినగానే నేను సైకిల్ దిగి చేను గట్టు మీద నిలబడేదాన్ని. అది దాటి దుమ్ము అణిగాకే మళ్లీ ఎక్కేదాన్ని.

"దొంగ బండ్లు ఇవి. ఎవడన్న ఆపుతడా?" అని అక్క తిట్టుకునేది.

ఒక బైకు కనబడటం మొదలయ్యాక ట్రాక్టర్ల భయం చిన్నదైపోయింది.

దానికి కూడా నంబరు ప్లేటు లేదు. సైలెన్సరు కోసేశారేమో, టపాకాయలు పేలినట్టు పట్ పట్ మని పేలుతూ వచ్చేది. మీద ఇద్దరు పిల్లలు, మొహాలకు తువ్వాళ్లు. మొదటి రోజు మా పక్క నుంచి పోతూ వెనక కూర్చున్నవాడు నా చెవి దగ్గర గట్టిగా కేక వేశాడు. హ్యాండిల్ వదిలేసినంత పనైంది. వాళ్లు నవ్వుకుంటూ పోయారు. రెండోసారి అక్క సైకిల్ బుట్టను చేత్తో కొట్టి పోయారు. మూడోసారి వెనక నుంచి ఆ పేలుడు వింటూనే నేను బ్రేకు వేశాను. దిగేలోపే వెనకవాడు నా చున్నీ పట్టుకుని లాగాడు.

ఎలా పడ్డానో గుర్తులేదు. మోచేయి రోడ్డుకు రాసుకుపోయింది. సైకిల్ నా కాలి మీద ఉంది. అక్క తన సైకిల్ పడేసి కుంటుతూ నా దగ్గరికి పరుగెత్తుకొస్తోంది. బైకు కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగింది. మళ్లీ వస్తున్నారనుకుని లేవబోయాను, సైకిల్ లేవనివ్వలేదు. వాళ్లు రాలేదు. అక్కడే ఆగి, వెనకవాడు ఫోన్ పైకెత్తి మమ్మల్ని వీడియో తీశాడు. తర్వాత వెళ్లిపోయారు.

అక్క రోడ్డు మధ్యలో నిలబడి వాళ్లను, వాళ్ల వంశాన్ని కలిపి తిట్టింది. తర్వాత నా మోచేయికి తన కొంగు అదిమిపెట్టి, మెల్లగా అంది.

"ఇంట్ల చెప్పకు."

"ఎందుకక్కా?"

"చెప్తే రేపట్నుంచి సైకిళ్లు బంద్. నాకు మల్ల మందులు పెరుగుతయ్. వాళ్లనెవరూ బంద్ చెయ్యరు, మనల్నే బంద్ చేస్తరు."

ఇంట్లో ఇసుకలో జారి పడ్డానని చెప్పాను. మా ఆయన పసుపు పెట్టి, "జర చూసుకుంట పోవాలె గద," అన్నాడు. నేను తలూపాను.

దెబ్బ మానింది. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఆ వీడియో. అది ఎవరి దగ్గరుంది, ఎవరు చూశారు? వీధిలో ఎవరైనా ఫోన్ చూసి నవ్వితే నా మీదే అనిపించేది. కిరాణా కొట్లో ఇద్దరు పిల్లలు ఒకే ఫోన్ మీద తలలు వంచి చూస్తుంటే, సరుకులు తీసుకోకుండానే ఇంటికొచ్చేశాను. మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. దాని కాలేజీలో ఎవరికైనా చేరితే? సాయంత్రం అది ఇంట్లోకి రాగానే మొహం చూసేదాన్ని. అది చిరాకుపడి, "ఏందమ్మా, గట్ల చూస్తవ్?" అనేది.

మేం దారి మార్చాం. కొన్నాళ్లు ఊళ్లోనే తిరిగాం. అక్కడ కుక్కలు, బస్సులు. పైగా ఆ బైకు ఊళ్లోనూ తిరిగేది. నేను మగ్గం గుంతలో కూర్చుని ఉన్నప్పుడు ఎక్కడో రెండు వీధుల అవతల దాని పేలుడు వినపడేది. చేయి ఆగిపోయేది. ఒకసారి అంచు దగ్గర తప్పు పడి, నేసినదంతా విప్పాల్సి వచ్చింది. మా ఆయన "ఏమాయె నీకు?" అని అడిగాడు. నడుము నొప్పి అన్నాను.

చివరికి అక్కే అంది. "ఎన్ని దినాలు దాక్కుంటం? నది దారికే పోదం." కాగితంలో కారం పొట్లం కట్టి బుట్టలో పెట్టుకుంది. "ఎదురుగాలి ఉంటే అది మన కండ్లల్లనే పడ్తది," అన్నాను. "పడనీ," అంది. ఆ మాటకు ఇద్దరం నవ్వాం. కానీ ఊరు దాటాక నేను అయిదు నిమిషాలకోసారి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

ఒక వారం ఏమీ కాలేదు. తర్వాత వాళ్లు వచ్చారు. ఈసారి ఎదురుగా వచ్చారు. మలుపు దాటగానే మా ముందు బైకు ఆపి, యాక్సిలరేటర్ తిప్పి పేల్చారు. మేం సైకిళ్లు దిగాం. వాళ్లు మా చుట్టూ తిరగడం మొదలుపెట్టారు.

"ఆంటీ, రేసు పెడదమా?" అన్నాడు తోలేవాడు.

"పోరా! మీ అమ్మతోని పెట్టు రేసు!" అని అక్క అరిచింది.

వాడు నవ్వాడు. వెనకవాడు మళ్లీ ఫోన్ తీశాడు. చుట్టు చుట్టుకూ దగ్గరవుతున్నారు. బైకు వేడి నా కాళ్లకు తగులుతోంది. అక్క బుట్టలో చేయి పెట్టి పొట్లం వెతుకుతోంది, అది చేతికి తగలడం లేదు. సరిగ్గా అప్పుడు నది వైపు నుంచి ఒంటి దీపంతో ట్రాక్టరు వస్తున్న చప్పుడు వినిపించింది. నాకు ధైర్యం రాలేదు. వీళ్లు చాలక వాళ్లు కూడానా అనుకున్నాను. చేలోకి పరుగెత్తుదామంటే అక్క మడమతో పరుగెత్తలేదు.

ట్రాక్టరు మాకు కొంచెం దూరంలో ఆగింది. పాట ఆగిపోయింది. డ్రైవరు దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నటి మనిషి, లుంగీ పైకి కట్టి, చెవులకు మఫ్లరు చుట్టుకున్నాడు. చేతిలో ఇనుప రాడ్డు ఉంది.

"ఏందిరా?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

బైకు తిరగడం ఆగింది. అతను తోలేవాణ్ణి తేరిపార చూశాడు. "నువ్వు సిమెంటు దుకాణం సేటు కొడుకువు గదా? తువ్వాల కట్టుకుంటె గుర్తుపట్టననుకున్నవా?"

వాడు బైకు ఊరి వైపు తిప్పి వెళ్లిపోయాడు. పేలుడు చాలాసేపు వినపడుతూనే ఉంది.

నేను రోడ్డు పక్కన కూర్చుండిపోయాను. డ్రైవరు ట్రాక్టరు మీది నీళ్ల సీసా తెచ్చి ఇచ్చాడు. "తాగక్కా. భయపడకు," అన్నాడు. అక్క తేరుకుని అడిగింది.

"తమ్మీ, మేం ఠాణాకు పోతం. నువ్వు చూసినవ్ గద, జర వచ్చి చెప్తవా?"

అతను ట్రాక్టరు వైపు చూశాడు. "నా బండికే నంబర్ లేదక్కా. నేను ఠాణా గడప ఎక్కితె, ముందు నన్నే కూసోబెడ్తరు."

అక్క నన్ను చేయి పట్టి లేపింది. అతనే మళ్లీ అన్నాడు. "ఇంకోటి చెప్త. ఆ సేటు చెప్పిన కాడ్నే నేను ఇసుక పోసేది. ఆయన మా ఓనర్‌కు ఒక్క మాట చెప్తె నా పని పోతది. అయినా వాడు చేసింది తప్పే. నా పేరు రానీయకుండ్రి, మీరు చెప్పుకోండ్రి."

"మాకు నీ పేరే తెల్వది," అంది అక్క.

"ఇంక మంచిది," అని అతను నవ్వాడు. "ముందు మీరు పోండ్రి. నేను మెల్లగ వెనక వస్త."

ఆ రోజూ, ఆ తర్వాత చాలా రోజులూ, తిరిగొచ్చేటప్పుడు ఆ ట్రాక్టరు ఊరి పొలిమేర దాకా మా వెనకే నెమ్మదిగా వచ్చేది. దాని ఒంటి దీపం వెలుగులో మా సైకిళ్ల నీడలు రోడ్డు మీద పొడుగ్గా పడేవి. అక్క నిశ్చింతగా తొక్కేది. నాకు మాత్రం వీపు మీద ఇసుక బరువంతా ఉన్నట్టుండేది. దానికి బ్రేకులు బాగున్నాయో లేవో. మా కోసం నెమ్మదిగా వచ్చి, తెల్లారాక రోడ్డు మీద దొరికిపోతాడేమో. మధ్యలో అతని ఫోన్ మోగుతూనే ఉండేది. "ఓనరు. ఏడున్నవ్, ఏడున్నవ్ అంటుండు," అని అరిచి చెప్పేవాడు.

బైకు రాలేదు. కానీ రెండోసారి తీసిన వీడియో కూడా వాళ్ల దగ్గరుంటుందన్న ఆలోచనతో నేను ఇక దాచలేకపోయాను. ఒక మధ్యాహ్నం మా ఆయన మగ్గం మీద ఉండగా పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆయన నేయడం ఆపేశాడు. అవతలి మగ్గం మీద బావ కూడా ఆపేశాడు.

"మోచెయ్యికి నేనే గద పసుపు పెట్టింది," అన్నాడు మా ఆయన. "అప్పుడెందుకు చెప్పలే?"

"సైకిళ్లు బంద్ పెడ్తరని."

ఆయన గుంతలోంచి లేచి చొక్కా వేసుకున్నాడు. నలుగురం ఠాణాకు పోయాం.

అక్కడ వయసు మళ్లిన హెడ్ కానిస్టేబుల్ మా మాట విని, కాగితం తీసి, "బండి నంబర్ చెప్పండమ్మా," అన్నాడు.

"నంబర్ లేదు సార్."

"మరి ఏమని రాయాలె? నంబర్ లేని బండ్లు ఊర్ల ఎన్నున్నయో మీకు తెల్వదు. ఎవరన్న చూసిన్రా?"

నేను అక్క వైపు చూశాను. అక్క గోడ వైపు చూస్తోంది. "మేమే గుర్తుపట్టినం సార్," అంది. "సిమెంటు దుకాణం ఆయన కొడుకు." దుకాణం ఎక్కడుందో చెప్పింది. పెద్దాయన పెన్ను ఆపి మమ్మల్ని ఒకసారి చూశాడు. మరేమీ అడగకుండా రాసుకున్నాడు. సాయంత్రం మళ్లీ రమ్మన్నాడు.

సాయంత్రం వరకు నేను అన్నం తినలేదు. ఎందుకు పోయామా అనిపించింది. రేపు వాడు ఇంటి ముందుకొస్తే? మా అమ్మాయి వెంట పడితే? అక్క మాత్రం ఏమీ జరగనట్టు కండెలు చుడుతూ కూర్చుంది. కానీ ఒకే కండెను విప్పి మళ్లీ చుట్టడం నేను చూశాను.

మేం వెళ్లేసరికి ఆ పిల్లవాడు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తండ్రి. తువ్వాల లేకుండా ఆ మొహం చూస్తే నాకు నమ్మబుద్ధి కాలేదు. మీసం కూడా సరిగా రాలేదు. నెలల తరబడి నన్ను ఇంట్లో కూడా వణికించింది వీడా అనుకున్నాను. రెండోవాడు కర్ణాటక బోర్డరు దాటి వాళ్ల మామ ఇంటికి పోయాడట.

వెనకవాడు వీడియోలు తీసిన ఫోన్ ఈ పిల్లవాడిదేనట, అది కానిస్టేబుల్ చేతిలో ఉంది. వీడియోలు ఉన్నాయి. ఒకటి పాట కలిపి స్టేటస్ పెట్టుకుని మర్నాడు తీసేశాడట. "చూపించండి," అని నేనే అడిగాను. మా ఆయన వద్దన్నాడు. అయినా చూశాను. రోడ్డు మీద నేను సైకిల్ కింద పడి ఉన్నాను, అక్క కుంటుతూ వస్తోంది. అంతే. మొహాలు కూడా సరిగా కనపడటం లేదు. నేను ఊహించుకున్నంత లేదు. కానీ పక్క నుంచి వాళ్ల నవ్వు వినిపిస్తుంటే ఫోన్ వెనక్కి ఇచ్చేశాను.

"జోక్ చేసినం సార్," అన్నాడు పిల్లవాడు.

నేను మాట్లాడతానని నేనే అనుకోలేదు. "నువ్వు నవ్వుకుంట పోయినవ్," అన్నాను. "నేను మా ఇంట్ల వంటింట్ల కూడ వెనక్కి చూసుకుంట నడుస్తున్న. బండి చప్పుడైతె చెయ్యి పని చేస్తలేదు. నీకు తెల్సా అది?"

తండ్రి లేచి, "అమ్మా, తప్పైంది. మీ కాళ్లు మొక్కుత," అని వంగబోయాడు. బావ ఆపాడు. అంతలో పిల్లవాడికి ఏం తోచిందో, ఒక్కసారిగా, "సార్, ఇసుక ట్రాక్టరాయన మమ్మల్ని రాడ్డుతోని కొట్టనీకి వచ్చిండు. ఆయన బండికి కూడ నంబర్ లేదు. వీళ్లను దినాం తోల్కొని పోతుండు," అన్నాడు.

తండ్రి మొహం మారిపోయింది. "నోరు మూస్కో!" అని కొడుకు భుజం మీద ఒక్కటి వేశాడు. ఆ ఇసుక ఎవరి కోసం వస్తుందో ఆ గదిలో ఆయనకు, మాకు తెలుసు.

హెడ్ కానిస్టేబుల్ నెమ్మదిగా మా వైపు తిరిగాడు. "ఏ ట్రాక్టరమ్మా?"

ఆ డ్రైవరు చూపిన దయ గుర్తొచ్చింది. మలుపులో మేట వేసిన ఇసుక కూడా గుర్తొచ్చింది.

"ఒకాయన వచ్చిండు సార్," అన్నాను. "వీళ్లను ఆపిండు. కొట్టలే. బండి నంబర్ చూడలే."

"ఉంటె గద చూసేది," అన్నాడు ఆయన. నవ్వాడో లేదో తెలియలేదు. ఇంకేమీ అడగలేదు. బైకును ఠాణాలోనే పెట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ చేయించి, సైలెన్సరు మార్చి, జరిమానా కట్టాకే ఇస్తామన్నారు. వీడియోలు మా ఎదురుగానే తీసేయించారు. ఇంకోసారి జరిగితే కేసు తప్పదని రాయించి సంతకాలు పెట్టించారు.

పని అయిపోయిందనుకున్నాం. పదిరోజులు తిరగకుండానే నది దారిలో అధికారులు కాపు కాసి ట్రాక్టర్లను పట్టుకున్నారని ఊరంతా చెప్పుకున్నారు. ఆ తెల్లవారి మా వెనక దీపం రాలేదు. మర్నాడూ రాలేదు. పేరు తెలియని మనిషి గురించి ఎవరినని అడుగుతాం?

తర్వాత కొన్నాళ్లకు ఇసుక బండ్లు మళ్లీ మొదలయ్యాయి. వాటిలో ఒకటి నా పక్క నుంచి ఎంత దగ్గరగా పోయిందంటే, ట్రాలీ నా హ్యాండిల్‌కు తగిలినంత పనైంది. హారను ఆపకుండా కొడుతూ పోయాడు. మర్నాడు ఇంకొకడు అదే పని చేశాడు. ఇది పొరపాటు కాదని అక్కకు అర్థమైంది. మూడో రోజు ఖాళీ ట్రాక్టరు ఒకటి రోడ్డు పక్కన ఆగి ఉంటే, అక్క సైకిల్ దిగి తిన్నగా డ్రైవరు దగ్గరికి పోయింది. నేను వద్దు వద్దంటూ వెనక పోయాను.

"మమ్మల్ని చంపుదమనుకున్నరా ఏంది?" అని అడిగింది.

"బండ్లు పట్టిచ్చింది మీరే గద," అన్నాడు అతను. "ఠాణాకు పోయిన్రు, వారానికి బండ్లు పోయినయ్. మావోళ్లందరు గదే అంటున్రు."

"మేం పట్టియ్యలే. మఫ్లరు కట్టుకుంటడు చూడు, ఆ తమ్మిని అడుగు."

"ఆయన లేడు. బండి పోయినంక పని ఇడిసి పెట్టిండు. బిజినేపల్లి దిక్కు వరికోత మిషన్ తోలుతుండు."

అక్క ఫోన్ నంబరు అడిగింది. అతను నంబరు ఇవ్వలేదు, తనే ఫోన్ కలిపి ఇచ్చాడు. అవతల మిషను హోరులో తెలిసిన గొంతు వినిపించింది. అక్క స్పీకరు పెట్టింది.

"తమ్మీ, మేమే పట్టిచ్చినమని అంటున్రు. నువ్వు కూడ గట్లనే అనుకుంటున్నవా?"

"లేదక్కా," అన్నాడు. "నంబర్ చూడలే అన్నరంట గద మీరు. సేటు మా ఓనర్‌కు చెప్పిండు, ఓనర్ నాకు చెప్పిండు. పట్టిచ్చేటోళ్లు గట్ల అంటరా?" మిషను హోరులో గొంతు పెంచాడు. "నాకు ఈడ మంచిగనే ఉన్నది. దీనికి నంబర్ కూడ ఉన్నది. నేను మావోళ్లకు చెప్త. మీరు పైలంగ పోండ్రి."

అతను చెప్పాడనే అనుకుంటాను. ఆ తర్వాత ట్రాక్టర్ల వాళ్లు మమ్మల్ని చూసి పక్కకు తోలేవాళ్లు. నంబర్లు మాత్రం ఇప్పటికీ లేవు. ఎవరికైనా చెప్పాలా అని నేనూ అక్కా చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఏ నిర్ణయానికీ రాలేదు. చెబితే ఒక భయం, చెప్పకపోతే ఒక భయం.

మొన్న అక్క పుట్టింటికి వెళ్లి ఒక వారం ఉండిపోయింది. మొదటి రెండు రోజులు నేను సైకిల్ తీయలేదు. మూడో రోజు మెలకువ వచ్చి పడుకోలేక లేచాను. మా ఆయన కూడా లేచాడు. "నేను బైకు మీద వెనక రానా?" అని అడిగాడు. వద్దన్నాను. అన్నాక, ఎందుకు వద్దన్నానా అని వీధి చివరి దాకా అనుకుంటూనే పోయాను.

ఊరు దాటాక రోడ్డు మీద ఎవరూ లేరు. తిన్నని రోడ్డు సగం పోయాక వెనక నుంచి బండి చప్పుడు వినిపించింది. దిగుదామా, చేలోకి తిప్పుదామా అని ఆలోచిస్తూనే కాళ్లు తొక్కుతున్నాయి. చప్పుడు దగ్గరైంది, పక్కకు వచ్చింది, దాటింది. పాలాయన. రెండు పక్కలా పాల క్యాన్లు, తలకు టోపీ. నన్ను చూడనైనా చూడలేదు.

పాలాయన కనుమరుగయ్యేదాకా నెమ్మదిగా తొక్కాను. నది దాకా పోయి, సైకిల్ స్టాండు వేసి కాసేపు నిలబడ్డాను. నీళ్లు తక్కువగా ఉన్నాయి. వెలుతురు బాగా వచ్చాక తిరిగాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన ఇంకా మగ్గంలోకి దిగలేదు. గడపలోనే నిలబడి ఉన్నాడు.

"పోయొచ్చినవా?"

"పోయొచ్చిన," అన్నాను.

సైకిల్ లోపల పెట్టి, స్నానానికి నీళ్లు తోడుకున్నాను.